రాజ్యం లేని రాజుకి వారసుడెవరు?



తిరువనంతపురం అనంత పద్మనాభస్వామి పేరెత్తితే చాలు, మన వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఆ బి గది ఎప్పుడు తెరుస్తారు?" నాగబంధం నిజమేనా, లోపల ఎన్ని లక్షల కోట్లు ఉంటాయి, తెరిస్తే ఏమవుతుంది... ఇవన్నీ దాని వెనకే వస్తాయి. తప్పేం లేదు, నాకూ కుతూహలం ఉంది. కానీ ఆ గదిలో ఏముంది అన్నదానికంటే, దాని తాళం ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్న నన్ను ఎక్కువ పట్టుకుంది.

ఎందుకంటే ఆ తాళం "తిరువాంకూరు రాజు" చేతిలో ఉండాలని రాతకోతలు ఉన్నాయి. ఇప్పుడు తిరువాంకూరు రాజ్యమే లేదు. రాజ్యం లేనప్పుడు రాజు ఎలా ఉంటాడు? ఉన్న రాజు చనిపోతే, లేని సింహాసనానికి వారసుడు ఎవరు? ఇది పజిల్ లాగా వినిపిస్తుంది కానీ, మన సుప్రీంకోర్టు 2020లో దీనికి తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఆ తీర్పు చదివాక నాకు అనిపించింది ఏమిటంటే, ఇది కేరళ రాజవంశం గొడవ మాత్రమే కాదు. తాతల నుంచి మనకి వచ్చినదాన్ని మనం ఏ దృష్టితో చూస్తున్నాం అన్న ప్రశ్న ఇది. అందుకే ఈ పోస్ట్.

కొడుక్కి కాదు, మేనల్లుడికి

ముందు ఆ వంశంలో వారసత్వ నియమం ఏమిటో చూద్దాం. మన కథల్లో రాజు కొడుకు రాజవుతాడు. తిరువాంకూరులో అలా కాదు. అక్కడ మరుమక్కత్తాయం అనే పద్ధతి. మలయాళంలో మరుమకన్ అంటే మేనల్లుడు. వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. రాజు తర్వాత ఆయన తమ్ముడు, తమ్ముళ్ళు అయిపోయాక అక్కచెల్లెళ్ళ కొడుకులు, వయసు వరసలో. రాజు సొంత కొడుకులకి తంపి అనే బిరుదు ఉంటుంది, గౌరవం ఉంటుంది, సింహాసనం మాత్రం ఉండదు. రాజు భార్య రాణి కాదు. రాజు తల్లి, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ కూతుళ్ళు, వీళ్ళే రాణులు.

ఈ పద్ధతిలో ఒక విచిత్రం ఉంది. వంశంలో ఆడపిల్లలు లేకపోతే వంశమే ఆగిపోతుంది. అందుకని మిగతా చోట్ల వారసుడి కోసం మగపిల్లాణ్ణి దత్తత తీసుకుంటే, వీళ్ళు ఆడపిల్లల్ని దత్తత తీసుకునేవారు. 1900లో అలా ఇద్దరు బాలికల్ని తెచ్చుకున్నారు: సేతు లక్ష్మీబాయి, సేతు పార్వతీబాయి. ఇద్దరూ చిత్రకారుడు రాజా రవివర్మ మనవరాళ్ళు, ఆయన ఇద్దరు కూతుళ్ళ పిల్లలు. మన పూజగదుల్లో ఉండే లక్ష్మి, సరస్వతి పటాలకి మూలం చాలావరకు ఆ రవివర్మే కదా.

అలాగే, సింహాసనానికి పెద్దవాడైన మగవారసుడు లేనప్పుడు రాణులే పాలించారు. 1810 నుంచి 1815 దాకా గౌరీ లక్ష్మీబాయి, ఆ తర్వాత 1829 దాకా ఆమె చెల్లెలు గౌరీ పార్వతీబాయి. వాళ్ళు ఎవరి కోసం రాజ్యాన్ని కాపాడారో తెలుసా? 1813లో పుట్టిన స్వాతి తిరునాళ్ కోసం. కర్ణాటక సంగీతం వినేవాళ్ళకి పరిచయం అక్కర్లేదు, తెలుగులో కూడా కృతులు రాసిన మహారాజు. గర్భంలో ఉండగానే రాజయ్యాడని ఆయన్ని "గర్భశ్రీమాన్" అంటారు.

ఈ నియమం అందరూ నవ్వుతూ ఒప్పుకున్నదేం కాదు. 1729లో మార్తాండ వర్మ తన మేనమామ తర్వాత గద్దెనెక్కినప్పుడు, ఆ మేనమామ కొడుకులు పప్పు తంపి, రామన్ తంపి "మా నాన్న రాజ్యం మాకే రావాలి" అని తిరగబడ్డారు. చివరికి ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొడుకు దృష్టిలో చూస్తే వాళ్ళ బాధ మనకి అర్థమవుతుంది. నియమం వైపు నుంచి చూస్తే వాళ్ళకి హక్కే లేదు. వారసత్వం అంటే ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషులు పెట్టుకున్న ఏర్పాటు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. గోదావరి ఒడ్డున కొడుకుది అయ్యేది, పెరియార్ ఒడ్డున మేనల్లుడిది అయింది.

కత్తి మెట్ల మీద పెట్టిన రోజు

ఆ మార్తాండ వర్మే తర్వాత ఒక పని చేశాడు. 1750 జనవరిలో, తను కూడబెట్టిన రాజ్యాన్నంతా పద్మనాభస్వామికి రాసిచ్చేశాడు. దాన్ని తృప్పడిదానం అంటారు. రాజఖడ్గాన్ని స్వామి ముందు పెట్టి, తిరిగి స్వామి సేవకుడిగా తీసుకున్నాడు. అప్పటినుంచి తిరువాంకూరు రాజులు "శ్రీ పద్మనాభదాస" అనే పేరుతోనే పాలించారు. రాజ్యం స్వామిది, వాళ్ళు స్వామి తరఫున చూసుకునేవాళ్ళు.

"రాజకీయం అండీ, దేవుడి పేరు పెడితే ఎవరూ ఎదురుతిరగరని" అనేవాళ్ళు ఉన్నారు. కాదనను. మార్తాండ వర్మ చిన్న చిన్న రాజ్యాల్ని యుద్ధాల్లో గెలిచి కలుపుకున్నవాడు, రాజకీయం తెలియనివాడేం కాదు. కానీ ఒక మనిషి ఏ ఉద్దేశంతో మాటిచ్చినా, ఆ మాట తర్వాత తరాలని కట్టిపడేస్తుంది. ఆ వంశంలో మగపిల్లాడికి మొదటి పుట్టినరోజు రాగానే గర్భగుడి ముందున్న ఒట్టక్కల్ మండపం మీద పడుకోబెడతారు. ఒకే రాతితో చేసిన మండపం అది. అక్కడ వాణ్ణి స్వామికి దాసుడిగా అప్పగించాకే "పద్మనాభదాస" అనే పేరు వస్తుంది. ఆడవాళ్ళకి "పద్మనాభ సేవిని". బిడ్డకి మాట రాకముందే నువ్వు యజమానివి కాదు, పనివాడివి అని చెప్పడం అన్నమాట.

రామాయణం తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. భరతుడికి రాజ్యం వచ్చింది. తల్లి సంపాదించి పెట్టింది, తండ్రి మాటిచ్చాడు, కాగితాల మీద చూస్తే అంతా సవ్యంగానే ఉంది. అతను మాత్రం అన్నగారి పాదుకల్ని సింహాసనం మీద పెట్టి, నందిగ్రామంలో ఉంటూ 14 ఏళ్ళు పని చేశాడు. హక్కు వద్దన్నాడు, బాధ్యత మాత్రం వదల్లేదు. ఈ రెండిటినీ విడదీయొచ్చని మనకి మొదట చూపించినవాడు భరతుడే.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచేది ధృతరాష్ట్రుడు. పాండురాజు అడవికి వెళ్ళాక రాజ్యం ఆయన చేతికి వచ్చింది, తమ్ముడి పిల్లలు పెద్దయ్యేదాకా చూసుకోవాల్సిన సొత్తుగా. చూసుకుంటూ చూసుకుంటూ "నా కొడుకుది" అనుకోవడం మొదలుపెట్టాడు. అప్పగించింది కాస్తా సొంతమైపోయింది. అక్కడి నుంచి ఏమైందో మనందరికీ తెలుసు.

రాజు అనే మాటకి అర్థం ఏమిటి?

ఇప్పుడు కోర్టు విషయానికి వద్దాం. కాస్త ఓపిక పట్టండి, అసలు మలుపు ఇక్కడే.

1949 జూలై 1న తిరువాంకూరు, కొచ్చి కలిసి ఒకే రాష్ట్రం అయ్యాయి. అప్పటి మహారాజు చిత్తిర తిరునాళ్ బలరామ వర్మ భారత ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో, పద్మనాభస్వామి గుడి నిర్వహణ తిరువాంకూరు పాలకుడి ఆధీనంలోనే ఉంటుందని రాసుకున్నారు. 1950లో వచ్చిన తిరువాంకూర్-కొచ్చిన్ దేవాలయాల చట్టం కూడా అదే చెప్పింది. మిగతా గుళ్ళకి దేవస్వం బోర్డు, ఈ గుడికి మాత్రం "పాలకుడు".

1971లో రాజ్యాంగ 26వ సవరణ వచ్చింది. మాజీ రాజులకి ప్రభుత్వ గుర్తింపు, రాజభరణాలు రద్దు. చట్టం దృష్టిలో దేశంలో ఇంక రాజులు లేరు. చిత్తిర తిరునాళ్ మాత్రం గుడిని చూసుకుంటూనే ఉన్నారు. 1991లో ఆయన కాలం చేశారు. మరుమక్కత్తాయం ప్రకారం తమ్ముడు ఉత్రాడం తిరునాళ్ మార్తాండ వర్మ ఆ స్థానంలోకి వచ్చారు.

ఇక్కడే గొడవ. "పాలకుడు అంటే ఒప్పందం మీద సంతకం పెట్టి ప్రభుత్వ గుర్తింపు పొందిన మనిషి. ఆయన పోయారు. గుర్తింపు ఇచ్చే పద్ధతే పోయింది. కాబట్టి ఇప్పుడు పాలకుడు అనేవాడే లేడు. గుడిని రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవాలి." 2011 జనవరి 31న కేరళ హైకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం ఇదే. ఆలోచిస్తే ఇది బలమైన వాదనే. పదవి రద్దయ్యాక ఆ పదవికి వారసుడు ఎక్కడి నుంచి వస్తాడు?

కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ ఏడాదే నేలమాళిగలు తెరిచి లెక్కలు మొదలుపెట్టారు, ప్రపంచమంతా నిధి గురించి మాట్లాడుకుంది. 2013లో ఉత్రాడం తిరునాళ్ కూడా వెళ్ళిపోయారు. ఆయన స్థానంలోకి అక్క కార్తిక తిరునాళ్ గారి కుమారుడు మూలం తిరునాళ్ రామ వర్మ వచ్చారు. మళ్ళీ మేనల్లుడే! రాజ్యం పోయి 64 ఏళ్ళయినా నియమం తన పని తను చేసుకుంటూ పోయింది.

2020 జూలై 13న జస్టిస్ యు.యు. లలిత్, జస్టిస్ ఇందు మల్హోత్రా హైకోర్టు తీర్పుని పక్కన పెట్టారు. తేలిగ్గా చెప్పాలంటే వాళ్ళు అన్నది ఇది. ఆ కుటుంబం గుడిని చూసుకున్నది ప్రభుత్వం రాజు అని గుర్తించినందుకు కాదు. స్వామి సేవాయత్‌లుగా, అంటే దేవుడి తరఫున ఆస్తిని, సేవని చూసుకునే వాళ్ళుగా. 1971లో రద్దయింది ప్రభుత్వ గుర్తింపు, భరణం. సేవాయత్ బాధ్యత అందులో భాగం కాదు. ఒక సేవాయత్ చనిపోతే ఆ బాధ్యత గాల్లో కలిసిపోదు, ప్రభుత్వానికీ పోదు, ఆచారం ప్రకారం తర్వాతి వాళ్ళకి వెళ్తుంది.

మన చట్టంలో దేవుణ్ణి మైనర్ లాగా చూస్తారు. ఆస్తి ఆయనదే, కానీ సంతకం పెట్టలేడు, కోర్టుకి రాలేడు. ఆయన తరఫున ఎవరో ఒకరు ఉండాలి. పసిపిల్లాడికి సంరక్షకుడు చనిపోతే, పిల్లాడి ఆస్తి ఊరి మీద పడదు కదా. ఇంకో సంరక్షకుడు వస్తాడు. ఆ ఇంకొకరు ఎవరు అని చెప్పడమే వారసత్వ నియమం పని.

ఆఫీసులో "ఓనర్" అంటే

నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను. మా దగ్గర ఒక మాట ఉంది. "ఈ సర్వీస్‌కి ఓనర్ ఎవరు?" కొత్తగా చేరినవాళ్ళకి అది వింతగా ఉంటుంది. ఆ కోడ్ కంపెనీది, సర్వర్ ఇంకో కంపెనీది, డేటా కస్టమర్లది. మరి ఓనర్ ఏంటి? మా భాషలో ఓనర్ అంటే రాత్రి రెండింటికి అది పడిపోతే ఫోన్ ఎవరికి మోగుతుందో వాడు. అంతే. అమ్ముకునే హక్కు లేదు, లాభంలో వాటా లేదు. ఆ మనిషి ఉద్యోగం మానేస్తే అందరూ అడిగే మొదటి ప్రశ్న "తర్వాత ఓనర్ ఎవరు?" ఎందుకంటే ఓనర్ లేని సర్వీస్ అంటే, ఏదో ఒక రోజు పడిపోయి, ఎవరూ పట్టించుకోని సర్వీస్.

పద్మనాభదాస అనే మాట ఇలాంటి ఓనరే. ఆయన ఏడాదికి రెండుసార్లు ఆరాట్టు ఊరేగింపులో కత్తి పట్టుకుని స్వామి ముందు నడుస్తారు. ఆ దారి శంఖుముఖం సముద్రతీరానికి వెళ్ళేది, మధ్యలో తిరువనంతపురం విమానాశ్రయం రన్‌వే ఉంది. ఆ కాసేపు విమానాలు ఆపేస్తారు, ఊరేగింపు రన్‌వే మీదుగా వెళ్తుంది. బయటి నుంచి చూసేవాడికి అది రాజ వైభవం. కానీ ఆ నడిచే మనిషికి ఆ దారిలో ఒక్క అడుగు నేల మీద కూడా అధికారం లేదు. ఉన్నది ఒక పని. స్వామి వెళ్తున్నాడు, నువ్వు ముందు నడవాలి.

ఉత్రాడం తిరునాళ్ గురించి ఒక మాట చెబుతారు. దర్శనం అయ్యాక గుడి బయటికి వచ్చేముందు పాదాలకి అంటిన ఇసుకని దులుపుకునేవారట, స్వామి సొత్తు ఒక్క రేణువు కూడా ఇంటికి రాకూడదని. లక్షల కోట్ల నిధి పక్కన ఈ ఇసుక మాట పెట్టి చూడండి. నిధి గురించి వేసిన కేసులో కూడా ఆ కుటుంబం "అది మాది" అనలేదు, స్వామిదే అంది.

మరి పుట్టుకతో ఎందుకు?

ఇక్కడిదాకా చదివి "అయితే రాజవంశాలే గొప్పవి అంటావా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. అడగాలి కూడా. పుట్టిన ఇంటిని బట్టి ఒక మనిషికి ఒక స్థానం ఎందుకు రావాలి? ధృతరాష్ట్రుడి పక్కనే విదురుడు ఉన్నాడు. ఆ సభలో ధర్మం తెలిసినవాడు అతనే, దాసి కడుపున పుట్టాడు కాబట్టి రాజ్యం అతని దరిదాపులకి రాలేదు. పుట్టుక నియమం ఎంత మంది విదురులని గుమ్మం బయట నిలబెట్టిందో లెక్క లేదు.

గుమ్మం అన్నాను కదా, తిరువాంకూరులో అది మాటవరసకి అన్నది కాదు. 1924-25లో వైక్కం సత్యాగ్రహం జరిగింది గుడి లోపలికి వెళ్ళడానికి కూడా కాదు, గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడవనివ్వమని. అదే పద్మనాభదాసుల పాలనలో. స్వామికి దాసులమన్న వాళ్ళ రాజ్యంలోనే స్వామిని చూడ్డానికి లక్షలమందికి దారి లేదు, కారణం వాళ్ళ పుట్టుక. 1936 నవంబర్ 12న చిత్తిర తిరునాళ్ ఆలయ ప్రవేశ ప్రకటన చేసి, ప్రభుత్వ ఆధీనంలోని గుళ్ళ తలుపులు హిందువులందరికీ తెరిచారు. అప్పటికి ఆయన వయసు 24. మనలో చాలామంది వయసు.

ఆ ప్రకటనలో నాకు కనిపించేది ఇది. పుట్టుకతో వచ్చిన స్థానంలో కూర్చున్న ఒక కుర్రాడు, పుట్టుక పేరుతో మూసిన తలుపు తెరిచాడు. అంటే వారసత్వంగా వచ్చినదంతా ఒకే రకం కాదు. "నేను ఈ ఇంట్లో పుట్టాను కాబట్టి ఈ పని నేను చెయ్యాలి" అనడం ఒకటి. "నేను ఈ ఇంట్లో పుట్టాను కాబట్టి నువ్వు లోపలికి రాకూడదు" అనడం ఇంకొకటి. మొదటిది నా మీద నేను వేసుకునే బరువు. రెండోది ఇంకొకడి మీద వేసే బరువు. పుట్టుక మొదటిదాన్ని ఇవ్వగలదు. రెండోదాన్ని ఇచ్చే అధికారం దానికి లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ వాదన ఒకవైపే ఒరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కుల్ని రద్దు చేసింది. తిరుమల మిరాసీలు కూడా అలాగే పోయాయి. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దుని సమర్థించింది. పూజ ఆగమం ప్రకారమే జరగాలి, కానీ అర్చకుడి పదవి తండ్రి నుంచి కొడుక్కే రావాలన్నది మతంలో విడదీయలేని భాగం కాదు అంది. అంతకుముందు తిరుమలని 1843 నుంచి 1933 దాకా చూసుకున్నది హాథీరాంజీ మఠం మహంతులు. అక్కడ వారసత్వం గురువు నుంచి శిష్యుడికి, రక్తంతో పని లేదు. తర్వాత కమిటీ వచ్చింది, బోర్డు వచ్చింది. కొడుకు, మేనల్లుడు, శిష్యుడు, బోర్డు సభ్యుడు... మనుషులు మారారు, సుప్రభాతం ఆగలేదు.

కాబట్టి 2020 తీర్పుని "రక్తం పవిత్రం" అన్నట్టు చదవకూడదు. సేవ ఖాళీగా ఉండకూడదు అన్నట్టు చదవాలి. పైగా ఆ తీర్పు తాళాలన్నీ ఒకే మనిషి చేతిలో పెట్టలేదు. తిరువనంతపురం జిల్లా జడ్జి అధ్యక్షతన పరిపాలనా కమిటీ ఉండాలని రాజకుటుంబమే ప్రతిపాదించింది, కోర్టు ఒప్పుకుంది. అందులో ధర్మకర్త తరఫు మనిషి, ప్రధాన తంత్రి, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి, కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి ఉంటారు. మీరు అడిగే ఆ బి గది విషయం కూడా కమిటీలకే వదిలేశారు. 2021లో ఆ కుటుంబం నెలకొల్పిన ట్రస్ట్ తమని ఆడిట్ నుంచి మినహాయించమని అడిగితే, కోర్టు కుదరదంది. సేవకుడు అన్నాక లెక్క చెప్పాల్సిందే కదా!

ఇవన్నీ కలిపి చూస్తే, వారసత్వంగా ఏదైనా వస్తే దాన్ని పరీక్షించే మూడు సంవత్సరాలు తిరువాంకూరు కథలోనే ఉన్నాయి. 1971: లాభం తీసేస్తే ఇంకా నిలబడి పని చేస్తావా? 2021: లెక్క అడిగితే చెబుతావా? 1936: నీ స్థానం ఇంకొకడికి తలుపు తెరుస్తోందా, మూస్తోందా? ఈ మూడూ దాటితే అది ధర్మం. ఏ ఒక్కటి తప్పినా అది ఆస్తి మాత్రమే, దానికి దేవుడి పేరు పెట్టుకున్నాం అంతే. మనసులో ఒక మెలిక మాత్రం మిగులుతుంది: ఆ కత్తి పట్టుకుని ముందు నడిచే గౌరవం లాభం కాదా? లాభమే. అందుకే మిగతా రెండు పరీక్షలు అంత అవసరం.

మన ఇళ్ళల్లో

మనకి రాజ్యాలు లేవు అనుకోకండి. మన సింహాచలం అప్పన్న గుడికి వంశపారంపర్య ధర్మకర్తలు విజయనగరం పూసపాటి వారు. జమీందారీలు రద్దై ఎన్నో ఏళ్ళయింది. అయినా 2020లో ప్రభుత్వం ఆ వంశంలోని ఒక మహిళని ఆ స్థానంలో పెట్టింది, 2021 జూన్‌లో హైకోర్టు ఆ నియామకాన్ని కొట్టేసింది. అక్కడ వాదన అంతా వంశంలో పెద్దవాడైన మగవారసుడు అనే నియమం చుట్టూ తిరిగింది. తిరువాంకూరులో ఆడవాళ్ళు లేకపోతే వంశమే లేదు, ఇక్కడ ఆడవాళ్ళు వరసలోనే లేరు. రెండూ విష్ణు క్షేత్రాలే. ఏది శాశ్వత ధర్మం అంటారు?

ఇంకా చిన్న స్థాయికి వస్తే, మా ఊళ్ళో ఒక రామాలయం ఉంది. మా ముత్తాతగారు కట్టించింది. ఏటా శ్రీరామనవమి కళ్యాణం ఇంట్లో పెద్ద కొడుకు చేయించాలన్నది మా ఇంటి ఆనవాయితీ. తాతగారి తర్వాత పెదనాన్నగారు చేశారు. ఆయనకి ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు, అన్నయ్య డాలస్‌లో ఉన్నాడు. తాతగారి పొలం పంపకాలప్పుడు సెంట్లతో సహా లెక్క కట్టి అందరికీ సమానంగా పంచుకున్నారు, మేనత్తకి కూడా వాటా ఇచ్చారు. గుడి మాట ఎవరూ ఎత్తలేదు. పొలాన్ని పంచినట్టు దీపాన్ని పంచలేం కదా.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ గుళ్ళో దీపం పెడుతున్నది మేనత్త కొడుకు. ఊళ్ళో మందుల షాపు ఉంది బావకి, షాపు మూసేముందు వెళ్ళి దీపం పెట్టి వస్తాడు. మా ఆనవాయితీ ప్రకారం అతనికి ఏ వరసా లేదు, ఇంటి పేరు కూడా వేరు. ఈమధ్య ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చే ఏడాది కళ్యాణం పీటల మీద ఎవరు కూర్చోవాలన్న చర్చ నడుస్తోంది. అన్నయ్య టికెట్ బుక్ చేసుకుని వస్తే సరిపోతుందని కొందరు, ఇంటి పేరు గలవాడే కూర్చోవాలని కొందరు. నేను రాసింది ఒకటే: బావ కూర్చోవాలి, మిగతా వాళ్ళం వంతులు వేసుకుని ఖర్చు పెట్టుకోవాలి, లెక్క గ్రూప్‌లో పెట్టాలి. దానికి పెదనాన్నగారు ఇంకా జవాబివ్వలేదు. మేనల్లుడి వరస మనకి లేదురా అంటారేమో. లేదు నిజమే. కానీ ఇప్పుడు దీపం వెలుగుతున్నది ఆ మేనల్లుడి చేత్తోనే.

ఊళ్ళు వదిలి వచ్చిన మన తరానికి ఇలాంటివి చాలా ఉంటాయి. గుడి కాకపోవచ్చు. ముత్తాత తవ్వించిన చెరువుగట్టు కావచ్చు, తాతగారు నడిపిన వేదపాఠశాల కావచ్చు, నానమ్మ ఏటా చేసే అన్నదానం కావచ్చు, వయసు మీద పడిన అమ్మానాన్నలే కావచ్చు. ఆస్తికి వారసులం ఎవరమో మనకి చట్టం చెబుతుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసు చెబుతుంది. పనికి వారసులం ఎవరమో చెప్పే ఆఫీసు లేదు. ఆ నియమం ఉన్నా లేకపోయినా, ఎవరో ఒకరు "ఫోన్ నాకు మోగనివ్వండి" అనాలి. అలా అన్నవాడే దాసుడు, ఏ ఇంట్లో పుట్టినా.

ఈసారి తిరువనంతపురం వెళ్తే ఒకసారి ఒట్టక్కల్ మండపం వైపు చూడండి. స్వామిని మూడు ద్వారాల్లోంచి చూడాలి, ఒకదాంట్లో ముఖం, ఒకదాంట్లో నాభి, ఒకదాంట్లో పాదాలు. పాదాల ద్వారం దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగండి. మన ఇంటి నుంచి మనకి ఏం వచ్చింది అని కాదు, మన ఇంట్లో ఏ పని ఇప్పుడు మనిషి కోసం ఎదురుచూస్తోంది అని అక్కడ అడుక్కోండి.

జై శ్రీమన్నారాయణ.